ప్రోస్టేట్ క్యాన్సర్: ఆపరేషన్ కాగితాల మీద సంతకం పెట్టేముందు

బయాప్సీలో క్యాన్సర్ అని వచ్చిందంటే ఇంట్లో అందరికీ ఒకటే తొందర, "వెంటనే తీయించేద్దాం" అని. సోమవారం రిపోర్టు వస్తే శుక్రవారానికల్లా అడ్మిషన్ అయిపోవాలి. ప్రోస్టేట్ విషయంలో చాలామందికి అంత తొందర అక్కర్లేదు. గ్రంథి దాటి పాకని క్యాన్సరైతే రెండు మూడు వారాలు ఆలోచించుకోవడానికి టైమ్ ఉంటుంది. అసలు బయాప్సీ తర్వాత లోపలి వాపు తగ్గాలని, సర్జన్లే మామూలుగా ఆరు వారాలో ఎనిమిది వారాలో ఆగమంటారు. మూత్రం పూర్తిగా ఆగిపోయినా, నడుంనొప్పితో పాటు కాళ్లు తిమ్మిరెక్కి బలం తగ్గుతున్నా మాత్రం ఒక్క గంట కూడా ఆగొద్దు, ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి, వెన్నుపాము నొక్కుకుపోతుంటే ఆలస్యమైతే కాళ్లు తిరిగి రావు.

ముందు ఫైలు సరిచూసుకోండి. పీఎస్‌ఏ (ప్రోస్టేట్ కోసం చేసే రక్తపరీక్ష) ఎంత, గ్లీసన్ స్కోరు (బయాప్సీ ముక్క చూసి క్యాన్సర్ ఎంత దూకుడుగా ఉందో చెప్పే అంకె) ఎంత, ఎంఆర్ఐలో గ్రంథి దాటిందా లేదా, ఎముకలకి పాకిందేమో చూశారా. గ్లీసన్ 6 అంటే నెమ్మదిరకం, 8 నుంచి 10 అంటే దూకుడురకం, 7 మధ్యలో ఉంటుంది, ఆ 7 లో కూడా 3+4 కీ 4+3 కీ తేడా ఉంది, రెండోది కాస్త గట్టిది. చాలామంది పట్టించుకోని సంగతి ఇంకోటి, మూత్రం ధార సన్నబడిందని డ్యూటాస్టెరైడ్ గానీ ఫినాస్టెరైడ్ గానీ నెలల తరబడి వాడుతున్నవాళ్లకి పీఎస్‌ఏ దాదాపు సగానికి పడిపోయి కనిపిస్తుంది. కాగితం మీద 6 ఉంటే అసలు 12 కిందే లెక్క. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంటే ఉత్తినే పెరుగుతుంది కూడా. అందుకే వాడే మందులన్నీ ఒక కాగితం మీద రాసి చూపించండి, పసరు మందులూ పొడులూ సహా. గుండెకి వాడే రక్తం పలచబడే మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపకండి. బయాప్సీ ముక్కల స్లైడ్లూ బ్లాకులూ ల్యాబ్ నుంచి అడిగి తెచ్చుకుని మరో పాథాలజిస్టు చేత చదివించడం మంచిది, స్కోరు మారితే వైద్యమే మారిపోతుంది.

ఇప్పుడు మన ఇళ్లలో జరిగే తంతు. నాన్నని బయట బెంచీ మీద కూర్చోబెట్టి, కొడుకూ అల్లుడూ ఫైలు పట్టుకుని లోపలికి వెళ్తారు, "ఆయనకి చెప్పకండి సార్, టెన్షన్ పడతారు" అంటారు. రేపు మూత్రం జారితే ప్యాడ్ పెట్టుకుని తిరగాల్సింది ఆయన, దాంపత్యంలో తేడా వస్తే అనుభవించాల్సింది ఆయనా అమ్మా, మరి నిర్ణయం మనమెలా తీసుకుంటాం? అరవై ఐదేళ్ల మనిషికి ఇంక ఆ ముచ్చట దేనికని కొడుకులు తేల్చేయడం నాకైతే అన్యాయంగా అనిపిస్తుంది. ఆయన్ని లోపలికి పంపండి, కాసేపు ఒంటరిగా డాక్టరుతో మాట్లాడనివ్వండి, పిల్లల ముందు అడగలేనివి ఉంటాయి.

సర్జన్ని ఒక్కరినే అడిగితే ఆపరేషన్ వైపు మొగ్గడం సహజం. రేడియేషన్ ఇచ్చే డాక్టరుని, అంటే రేడియేషన్ ఆంకాలజిస్టుని కూడా కలవకుండా సంతకం పెట్టకండి. హైదరాబాద్‌లో రెడ్‌హిల్స్ ఎంఎన్‌జే, బంజారాహిల్స్ బసవతారకం లాంటి చోట్ల ఇద్దరూ ఒకే ఆవరణలో దొరుకుతారు.

ఆపరేషన్‌లో గ్రంథి మొత్తం పోతుంది, పీఎస్‌ఏ దాదాపు సున్నాకి రావాలి కాబట్టి తర్వాత లెక్క తేలిగ్గా తెలుస్తుంది, మళ్లీ పెరిగితే కరెంటు (రేడియేషన్) పెట్టే దారి మిగిలి ఉంటుంది. ముందే కరెంటు పెట్టించుకున్నాక గ్రంథి తీయడం మాత్రం కష్టమైన ఆపరేషన్. అయితే ఆపరేషన్ అయ్యాక వారం పది రోజులు మూత్రానికి ట్యూబు ఉంటుంది, అది తీశాక దగ్గితే, నవ్వితే మూత్రం జారడం నెలల తరబడి ఉండొచ్చు, కొందరికి ఎప్పటికీ పూర్తిగా తగ్గదు. అంగస్తంభన వయసుని బట్టి, షుగరుని బట్టి, నరాలు కాపాడగలిగారా అన్నదాన్ని బట్టి ఉంటుంది, వీర్యం మాత్రం ఇక రాదు. రోబోతో చేసే ఆపరేషన్ అనగానే ఇవేవీ ఉండవనుకోవద్దు. రక్తం తక్కువ పోతుంది, ఇంటికి త్వరగా వస్తారు, అంతవరకే గ్యారంటీ. "మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు, ఏడాది తర్వాత మీ పేషెంట్లలో ఎంతమందికి ప్యాడ్ అవసరమవుతోంది" అని మొహమాటం లేకుండా అడగండి. మూత్రాన్ని ఆపుకునే కండరాల వ్యాయామం, కీగెల్ అంటారే, అది ఆపరేషన్‌కి ముందు నుంచే మొదలుపెట్టాలి.

రేడియేషన్‌లో కోత లేదు, మూత్రం జారడం తక్కువ. కానీ మాటిమాటికీ మూత్రానికి వెళ్లాల్సిరావడం, మలద్వారం దగ్గర మంట, ఒక్కోసారి రక్తం పడటం ఉంటాయి. స్తంభన సమస్య అప్పటికప్పుడు కాకుండా ఏళ్ల మీద వస్తుంది. ఒకప్పుడు 35, 40 సిట్టింగులు ఉండేవి, ఇప్పుడు చాలామందికి 20, కొందరికి 5 తోనే సరిపెడుతున్నారు, మీకు ఎన్ని అని అడగండి. రోజూ ఉప్పల్ నుంచి బంజారాహిల్స్ దాకా ట్రాఫిక్‌లో వెళ్లిరావాలి, పైగా మూత్రాశయం నిండుగా ఉంచుకుని మిషన్ మీద పడుకోవాలి. నీళ్లు ఆసుపత్రికి చేరాక తాగండి, ఇంట్లోనే తాగి బయల్దేరితే పంజాగుట్ట దగ్గర నరకం కనిపిస్తుంది. ముదిరిన రకానికి రేడియేషన్‌తో పాటు హార్మోన్ ఇంజెక్షన్లు ఏడాదిన్నర నుంచి మూడేళ్లు ఇస్తారు, ఒళ్లంతా వేడి ఆవిర్లు, ఎముకల బలం తగ్గడం, షుగరు పెరగడం వీటితో వస్తాయి.

నెమ్మదిరకానికి ఏమీ చేయకుండా కనిపెట్టి చూడటం కూడా వైద్యమే. బ్రిటన్‌లో ప్రొటెక్ట్ అనే ట్రయల్‌లో 1,643 మందిని మూడు గుంపులు చేశారు, 2023 లో 15 ఏళ్ల ఫలితాలు వచ్చాయి. కనిపెట్టి చూసినా, కోసినా, కరెంటు పెట్టినా ఈ క్యాన్సర్‌తో పోయినవాళ్లు నూటికి ఇద్దరు ముగ్గురే. కనిపెట్టి చూసిన గుంపులో వ్యాధి పాకడం 9.4 శాతం, మిగతా రెండింటిలో 5 శాతం దగ్గర. వాళ్లలో ఎక్కువమందికి పరీక్షల్లో తొలిదశలోనే బయటపడింది, మన దగ్గర ముదిరాక వచ్చేవాళ్లకి ఈ లెక్క పట్టదు. పైగా పీఎస్‌ఏకీ, మళ్లీ బయాప్సీకీ రమ్మన్నప్పుడల్లా వచ్చేవాళ్లకే ఈ దారి. ఊరెళ్లి మర్చిపోయే మనిషికి వద్దు.

ఆరోగ్యశ్రీ పరిమితి తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి 10 లక్షలు. కానీ మీకు చెప్పిన పద్ధతి అందులో ఉందో లేదో, రోబో ఖర్చు, ముందు తీయించే పెట్ స్కాన్ ఖర్చు ఎవరి మీద పడతాయో అడ్మిషన్‌కి ముందే ఆసుపత్రిలో ఈ పథకం చూసే ఆరోగ్యమిత్రని అడిగి తేల్చుకోండి. ప్రైవేటు ఇన్సూరెన్స్ అయితే రోబో సర్జరీకి విడిగా పరిమితి పెట్టారేమో పాలసీ కాగితంలో చూడండి.