అనంతాన్ని వెతుకుదాం, 4వ పాఠం: ఏడో మడత గొడవ

ఈసారి నేరుగా అనంతాన్ని చూపించే బొమ్మల్లోకి వెళ్దామనుకున్నాను, కుదిరేలా లేదు. పోయిన పాఠంలో ఏ4 కాగితాన్ని మధ్యకి మడుస్తూ పొమ్మంటే చాలామంది ఆరో మడతకో ఏడో మడతకో చేతులెత్తేసి, "కాగితమే ఆగిపోయిందండీ, ఇంక అనంతం ఎక్కడిది?" అని రాశారు. ఒకాయనైతే పట్టకారుతో నొక్కి ఎనిమిదోది కూడా వేశారట. ఆయన ఓపికకి దండం.

తప్పు కొంత నాదే, మడవమనకుండా చించమనాల్సింది. మడత పడిన ప్రతిసారీ మందం రెట్టింపవుతుంది కదా, ఏడో మడతకి 128 పొరలు, అంటే మామూలు జిరాక్స్ కాగితానికి సెంటీమీటరు పైనే. అప్పటికి మిగిలిన ముక్క రెండు సెంటీమీటర్ల వెడల్పు కూడా ఉండదు, అదింకేం వంగుతుంది? 2002లో అమెరికాలో బ్రిట్నీ గాలివన్ అనే స్కూలు అమ్మాయి చాలా పొడవైన టాయిలెట్ పేపరు తీసుకుని 12 మడతలు వేసింది. అంత పొడవు కాగితమున్నా 12 దగ్గర ఆగింది.

ఇప్పుడు కొత్త కాగితం తీసుకుని చించండి. సగం బల్ల మీద పెట్టండి, చేతిలో ఉన్నదాన్ని మళ్ళీ సగం చేసి ఒక ముక్క దాని పక్కన పెట్టండి, అలా సగం, పావు, అరపావు, వీసం చేరుతూ పోతాయి. గోరంత ముక్క దగ్గర మీ వేళ్ళు ఆగుతాయి, సరే. కానీ "ఉన్నదాంట్లో సగం పక్కన పెట్టు" అన్న మాటలో ఆగమని ఎక్కడైనా ఉందా? పైగా ఎన్ని ముక్కలు పేర్చినా అన్నీ కలిపి ఒక్క కాగితాన్ని దాటవు. మనం వెతికేది ఆగమని చెప్పని ఆ మాట కోసం. వస్తువు ఎప్పుడూ ఎక్కడో ఒక చోట ఆగిపోతుంది, దానితో నాకు పేచీ లేదు. (ఏ4నే ఎందుకన్నానంటే, 210కి 297 మిల్లీమీటర్ల ఆ కొలతలో సగం చేసిన ముక్కకీ అదే ఆకారం వస్తుంది. నోట్‌బుక్ కాగితాలు చాలావరకు అలా రావు, నాకు అవి నచ్చవు.)

ఇక నాకు ఒళ్ళుమండే సంగతి. కొందరు అనంతం దొరికిందంటూ గాజు, ఉంగరం, సైకిల్ చక్రం, చివరికి గారె ఫొటో కూడా పంపి "మొదలూ చివరా లేవు కాబట్టి అనంతం" అన్నారు. 2.6 సైజు గాజు తీసుకుని లోపలి అంచు వెంట దారం తిప్పి కత్తిరించి స్కేలు మీద పెట్టండి, దాదాపు 19 సెంటీమీటర్లు వస్తుంది. కొలత దొరికిపోయింది, ఇంకేం అనంతం? దాని మీద చీమని వదిలితే ఎప్పుడూ అంచు తగలదు, నిజమే, కానీ అది కొత్త చోటుకి పోవడం లేదు, పోయిన చోటికే పోతోంది. భూమి చుట్టూ తిరిగినా అంతే, 40,000 కిలోమీటర్లు పోయాక బయల్దేరిన చోటే. చివర లేకపోవడం వేరు, అయిపోకపోవడం వేరు. గాజులో మొదటిది ఉంది, రెండోది లేదు. పడుకున్న ఎనిమిది (∞) లాకెట్ ఫొటో పంపినవాళ్ళకీ ఇదే జవాబు. ఇంగ్లాండు గణితవేత్త జాన్ వాలిస్ 1655లో అనంతానికి ఆ గుర్తుని వాడాడు, అది గుర్తు మాత్రమే. నిప్పంటే నోరు కాలుతుందా?

బొమ్మల్లో రెండే చెప్తాను. నెదర్లాండ్స్‌లో 1904 నాటి డ్రోస్టె కోకో డబ్బా మీద ఒక నర్సు ట్రే పట్టుకుని ఉంటుంది, ఆ ట్రేలో అదే డబ్బా, ఆ డబ్బా మీద మళ్ళీ ఆ నర్సే. సిరా రెండు మూడు మెట్లకే చేతులెత్తేస్తుంది, "ట్రేలో అదే డబ్బా" అన్న మాట మాత్రం ఆగదు. ఆన్‌లైన్ మీటింగ్‌లో స్క్రీన్ షేర్ చేసి ఆ మీటింగ్ కిటికీనే చూపిస్తే వచ్చే సొరంగం కూడా ఇదే కుటుంబం.

ఆ దేశంవాడే అయిన చిత్రకారుడు ఎషర్ 1956లో ఇంకో మెలిక పెట్టాడు. "ప్రింట్ గ్యాలరీ"లో ఒక కుర్రాడు గోడ మీద చిత్రం చూస్తుంటాడు, ఆ చిత్రంలోని ఊరు ఉబ్బుతూ తిరిగి వచ్చి వాడు నిలబడ్డ గ్యాలరీనే తనలోకి లాక్కుంటుంది. మధ్యలో మాత్రం తెల్లటి మచ్చ వదిలేసి అందులో సంతకం పెట్టాడు. 2003లో అక్కడి లైడెన్ విశ్వవిద్యాలయం గణితవేత్తలు ఆ ఖాళీలో ఏముండాలో లెక్కగట్టి పూరించి చూపించారు. అద్భుతమైన పని, కాదనను. నాకు మాత్రం ఆ ఖాళీయే ఇష్టం.

సెలూన్‌లో ఎదురెదురు అద్దాల గురించి వేరే చెప్పక్కర్లేదు. ఈసారి క్షవరానికి వెళ్ళినప్పుడు ఎన్నో తల దాకా లెక్కపెట్టగలిగారో, వెనక తలలు ఎందుకు ఆకుపచ్చగా మసకబారాయో రాయండి.

అభ్యాసం: మెలికల ముగ్గు. అడ్డం 3, నిలువు 4 ఎదురు చుక్కలు పెట్టి, పక్కపక్క చుక్కల మధ్య ప్రతిచోటా గీతలు ఒకదాన్నొకటి దాటేలా చుక్కల చుట్టూ తిప్పితే మొత్తం ఒకే గీతలో ముగుస్తుంది. 4కి 4 పెడితే నాలుగు వేరు వేరు గీతలు వస్తాయి. 2కి 4, 3కి 6, 5కి 7 కూడా వేయండి, నోట్‌బుక్‌లో అయినా సరే, వాకిట్లో అయినా సరే. తర్వాత 6కి 9 చుక్కలు పెట్టి, గీత గీయకముందే ఎన్ని గీతలు వస్తాయో ఒక కాగితం మీద రాసుకుని, అప్పుడు తిప్పడం మొదలుపెట్టండి.