రోటరీ టేబుల్ హ్యాండిల్ లూజుగా తిరుగుతోందా? స్క్రూ ముట్టుకునే ముందు ఇది చూడండి

రోటరీ టేబుల్ (మిల్లింగ్ మిషన్ మీద జాబ్‌ని, అంటే కోసే ముక్కని, కావాల్సిన కోణానికి తిప్పే గుండ్రటి బల్ల) హ్యాండిల్ ఇటూ అటూ తిప్పితే మధ్యలో కాస్త ఖాళీగా తిరుగుతోందని తెలియగానే చాలామంది అలెన్ కీ తీసుకుని కనపడిన స్క్రూ బిగించేస్తారు. ఆగండి. ఆ ప్లే (ఖాళీ కదలిక) రెండు చోట్ల నుంచి వస్తుంది, రెండింటికీ మందు వేరు. ఒకటి వర్మ్ షాఫ్ట్ (హ్యాండిల్‌తో తిరిగే, స్క్రూ మరలున్న కడ్డీ) ముందుకీ వెనక్కీ జరగడం, రెండోది వర్మ్‌కీ, అది తిప్పే టేబుల్ కింది వీల్ పళ్లకీ మధ్య సందు.

ముందు షాఫ్ట్ సంగతి తేల్చండి. లివర్‌తో వర్మ్‌ని వీల్ నుంచి విడదీసి, ఎసెంట్రిక్ బుష్ (తిప్పితే వర్మ్‌ని వీల్‌కి దగ్గరగా, దూరంగా జరిపే, కేంద్రం పక్కకున్న గొట్టం) క్లాంప్ మళ్లీ బిగించండి (బిగించకపోతే బుష్ కదిలినా షాఫ్టే కదిలిందనుకుని మోసపోతారు). షాఫ్ట్ చివర డయల్ గేజ్ (సన్నటి కదలికని ముల్లుతో చూపే కొలత సాధనం) ఆనించి హ్యాండిల్‌ని తోసి, లాగి చూడండి. ముల్లు బాగా కదిలితే హ్యాండిల్, దాని దగ్గరున్న గీతల డయల్ ఊడదీసి లోపలున్న అడ్జస్టింగ్ నట్ కొద్దికొద్దిగా బిగించుకుంటూ రావాలి. 0.01, 0.02 మి.మీ. మిగిలినా పర్వాలేదు, షాఫ్ట్ మాత్రం రెండు వేళ్లతో హాయిగా తిరగాలి. లాక్ నట్ బిగించేటప్పుడు దాంతోపాటు అసలు నట్ కూడా కదులుతుంది కాబట్టి చివర్లో గేజ్ ఇంకోసారి చూడక తప్పదు.

ఇక పళ్ల సందు. బుష్ తిప్పుతూ వర్మ్‌ని వీల్ దగ్గరికి తెచ్చేటప్పుడు హ్యాండిల్‌ని మెల్లగా ఊపుతూ ఉండండి, పన్ను పన్ను మీద ఎక్కితే బలవంతం చేయొద్దు. బాగా ఆనిందనిపించాక వెంట్రుకవాసి వెనక్కి తీసి, బుష్ అంతకుమించి వెళ్లకుండా ఆపే స్టాప్ స్క్రూ అక్కడే సెట్ చేసుకోండి.

ఇక్కడే నేను ఒకసారి దెబ్బతిన్నాను. టేబుల్ ఎక్కడుంటే అక్కడే ప్లే మొత్తం తీసేసి, భలే సెట్ చేశాననుకుని జాబ్ ఎక్కించాను. సగం చుట్టు కూడా తిరగలేదు, హ్యాండిల్ బిగుసుకుపోయింది. వీల్ అన్ని చోట్లా ఒకేలా అరగదు, కొన్ని వీల్స్ కొత్తప్పుడే కాస్త ఎసెంట్రిక్‌గా ఉంటాయి. అందుకే ముందు మొత్తం చుట్టు తిప్పి, 90:1 టేబుల్ అయితే హ్యాండిల్ 90 సార్లు, ఎక్కడ బిగువు ఎక్కువుందో మార్కర్‌తో గుర్తు పెట్టి ఆ చోటే సెట్ చేయాలి. మిగతా చోట్ల కొంచెం ప్లే ఉంటుంది, ఉండనివ్వండి.

ఎంత మిగిలిందో తెలియాలంటే టేబుల్ మీద ఒక బ్లాక్ బిగించి, సెంటర్ నుంచి 100 మి.మీ. దూరంలో గేజ్ ఆనించి, హ్యాండిల్ పట్టుకుని టేబుల్‌ని చేత్తో ఊపండి. అక్కడ 0.1 మి.మీ. కదిలితే సుమారు 3.4 మినిట్ల కోణం (డిగ్రీలో 60వ వంతు ఒక మినిట్) అన్నమాట.

ఆ మిగిలిన ప్లేకి విరుగుడు మన చేతిలోనే ఉంది: ఎప్పుడూ ఒకే వైపు నుంచి కొలతకి రండి, దాటిపోతే అర చుట్టు వెనక్కి వెళ్లి మళ్లీ రండి. డ్రిల్ చేసే ముందు టేబుల్ కదలకుండా పట్టే క్లాంపులు గట్టిగా బిగించాలి. ఆర్క్ మిల్లింగ్‌లో (టేబుల్ తిప్పుతూ వంపుగా కోసేటప్పుడు) ఒక క్లాంప్‌ని టేబుల్ కాస్త బరువుగా తిరిగేంత వరకే బిగించి, జాబ్ కట్టర్ పళ్లకి ఎదురెళ్లేలా తిప్పండి. ఎదురుగా కాకుండా పళ్లు వెళ్లే వైపే తిప్పితే కట్టర్ జాబ్‌ని లాగేసుకుంటుంది, ఉన్న ప్లే అంతా ఒక్క కుదుపులో బయటపడుతుంది.

క్లీనింగ్‌కి బ్రష్, గుడ్డ చాలు. ఎయిర్ గన్ వాడితే చిప్స్ నేరుగా టేబుల్ కింద సందుల్లోకి పోతాయి. ఆయిల్ విషయంలో మేకర్ చెప్పింది పోయండి, సల్ఫర్ ఎక్కువుండే కొన్ని గేర్ ఆయిల్స్ కంచు వీల్‌ని తినేస్తాయి. మిషన్ మీద పెట్టేముందు బేస్ అడుగున చెయ్యి ఆడించి, గరుకు తగిలిన చోట ఆయిల్ స్టోన్ రుద్దండి.

అంతా బిగించాక హ్యాండిల్ డయల్ సున్నా, టేబుల్ అంచు మీది డిగ్రీ గీత కలుస్తున్నాయో లేదో చూడండి. షాఫ్ట్ కదిపాం కాబట్టి కలవకపోవచ్చు, డయల్ స్క్రూ వదులు చేసి గీతకి గీత కలిపేయండి.