బండికి పెద్ద ఇంజిన్ వేయించాలంటే మైలేజీ లెక్క ఎలా చూసుకోవాలి?

ఇద్దరు ఎక్కితే బండి లాగడం లేదనో, చిన్న ఎత్తుకే మూలుగుతోందనో సీసీ (ఇంజిన్ సిలిండర్ పరిమాణం) పెంచాలనిపిస్తుంది. అప్పుడు వచ్చే మొదటి అనుమానం "మైలేజీ పోతుందా?" పోతుంది, కాకపోతే ఎంత పోతుందన్నది చాలావరకు మనం చేయించే పనిని బట్టే ఉంటుంది.

1. పాత మైలేజీ కొలవండి

స్పానర్ పట్టకముందే చేయాల్సిన పని ఇది. నేను మొదటిసారి ఈ పని చేయకుండానే బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) పెంచాను. ఎంత తగ్గిందో ఇప్పటికీ తెలీదు.

బండిని సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టి, ట్యాంకు మెడలో ఒక గుర్తు దాకా నింపి, మీటర్ రీడింగ్ రాసుకోండి. కనీసం 200 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ సెంటర్ స్టాండ్ మీదే అదే గుర్తు దాకా నింపండి. 231 కిలోమీటర్లకు 4.2 లీటర్లు పట్టిందంటే లీటరుకు 55. ఒకసారి సైడ్ స్టాండ్ మీద, ఇంకోసారి సెంటర్ స్టాండ్ మీద నింపితే లెక్క చెడిపోతుంది. ఇలా మూడుసార్లు చేసి సగటు తీసుకోండి.

2. బోరు పెంచడమా, ఇంజినే మార్చడమా?

ఇంజిన్ మొత్తం మార్చాలంటే ఫ్రేములో బిగింపులు, చైను వరస, వైరింగు అన్నీ కుదరాలి. పెరిగిన స్పీడుకు బ్రేకులు సరిపోవాలి. రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కాగితాలకు ఇబ్బంది లేదని ముందే కనుక్కోండి. ఇంత తలనొప్పి కంటే పెద్ద ఇంజిన్ ఉన్న బండి కొనుక్కోవడమే నయమని నా అభిప్రాయం. ఉన్న బండినే ఉంచుకోవాలంటే సిలిండర్ బ్లాక్, పిస్టన్ మార్చడం తేలిక.

3. కంప్రెషన్ లెక్క కట్టండి

చాలామంది వదిలేసేది ఇక్కడే. బోరు 50 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ పైకీ కిందకీ కదిలే దూరం) 50 మి.మీ. అయితే ఇంజిన్ సుమారు 98 సీసీ. బోరు 56కి పెంచితే 123 సీసీ అవుతుంది. కానీ పిస్టన్ పైకి వచ్చాక మిగిలే ఖాళీని అలాగే వదిలేస్తే, 9 ఉన్న కంప్రెషన్ నిష్పత్తి (లోపలి గాలి, పెట్రోలు ఎన్నో వంతుకు నొక్కుకుపోతాయో చెప్పే లెక్క) 11కి ఎక్కుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్‌లో టకటకమని నాకింగ్ మొదలవడానికి ఇది చాలు. అందుకే పాత కంప్రెషన్‌కు దగ్గరగా ఉండేలా తలభాగం కుదిరిన పిస్టన్ ఎంచుకోండి. పిస్టన్ చుట్టూ ఉండే రింగు చివర్ల మధ్య సందును ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే పలుచని రేకులతో) మీ కళ్లముందే చూపించమనండి.

4. పెట్రోలు పాళ్లు సరిచేయించండి

కార్బురేటర్ బండి అయితే మెయిన్ జెట్ (పెట్రోలు వచ్చే రంధ్రం ఉన్న చిన్న ముక్క) మార్చాల్సి రావచ్చు, ఇంజెక్షన్ బండి అయితే ఈసీయూ (పెట్రోలు పాళ్లు చూసే కంప్యూటర్) ట్యూనింగ్ కావాలి. "ఒక సైజు పెద్దది వేసేద్దాం" అనే మాట దగ్గర జాగ్రత్త, మైలేజీ కారిపోయేది అక్కడే. కార్బురేటర్ బండికి కొత్త ప్లగ్గు వేసి, కాసేపు నడిపి, ఇంజిన్ ఆపేసి, చల్లారాక ప్లగ్గు విప్పండి. లేత గోధుమ రంగుంటే సరే. నల్లటి మసి పట్టిందంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా పాలిపోయిందంటే తక్కువ. తెల్లగా ఉంటే మైలేజీ బాగుందని మురిసిపోకండి, పిస్టన్ కాలిపోగలదు.

5. ముందువైపు స్ప్రాకెట్ చూడండి

బండి 50లో వెళ్లడానికి కావలసిన బలం ఏ ఇంజిన్ ఉన్నా దాదాపు ఒకటే. పెద్ద ఇంజిన్ ఆ పనికి థ్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారిలోని తలుపు) తక్కువ తెరుస్తుంది. ఆ ఇరుకు సందులోంచి గాలి పీల్చుకోవడానికే కొంత బలం వృథా అవుతుంది. ముందువైపు స్ప్రాకెట్‌ను (ఇంజిన్ దగ్గర చైనును తిప్పే పళ్ల చక్రాన్ని) 14 పళ్ల నుంచి 15కి మారిస్తే, అదే వేగానికి ఇంజిన్ తిరుగుళ్లు సుమారు 7 శాతం తగ్గుతాయి, థ్రాటిల్ ఇంకాస్త తెరుచుకుంటుంది. పోయిన మైలేజీలో కొంత ఇలా వెనక్కి రాబట్టవచ్చు.

6. మళ్లీ కొలవండి

రింగులు కుదురుకోవడానికి మొదటి 500 కిలోమీటర్లు ఇంజిన్‌ను పిండకుండా నడిపి, ఆయిల్ మార్చి, ఆ తర్వాతే మొదటి పద్ధతిలో కొలవండి. వేగం కూడా పాతదే ఉండాలి. 60 నుంచి 80కి వెళితే గాలి అడ్డం పట్టే బలం 1.8 రెట్లు దాకా పెరుగుతుంది. కొత్త పికప్ మోజులో ఆ 80 అలవాటైపోయి, నింద ఇంజిన్ మీద పడుతుంది.

ఒక చిక్కు ఉంది. మీ మీటర్ గేర్‌బాక్స్ నుంచి తిరిగేదైతే, స్ప్రాకెట్ మార్చాక అది తక్కువ దూరం చూపిస్తుంది. 15 పళ్లది వేసినప్పుడు రీడింగ్‌ను 15తో గుణించి 14తో భాగిస్తే అసలు దూరం వస్తుంది. ముందు చక్రం నుంచి తిరిగే మీటర్‌కు ఈ బాధ లేదు.