పాత మినీ ట్రాక్టర్ రిపేరు, 4వ పాఠం: డీజిల్‌లో నీళ్లు, పైపులో గాలి

పోయిన పాఠంలో బ్యాటరీ, సెల్ఫ్ చూశాం. సెల్ఫ్ కొడితే ఇంజిన్ చక్కగా తిరుగుతోంది, కానీ స్టార్ట్ అవడం లేదు. లేదా స్టార్ట్ అయి, కాసేపు నడిచి, గొంతు తగ్గిపోయి ఆగిపోతోంది. తొలకరి ముందు డెల్టాలో ఏ ఊళ్లోనైనా వినబడే మాటే ఇది. కొబ్బరి తోటలో వరుసల మధ్య దున్నే 18 హెచ్‌పీ బండి అయినా, దమ్ము చేసే పవర్ టిల్లర్ అయినా తేడా లేదు.

ఇలాంటప్పుడు చాలామంది ముందుగా డీజిల్ పంపు మీద అనుమానపడి దాన్ని విప్పిస్తారు. దయచేసి ఆ పని చేయకండి. పంపులో డీజిల్‌ని నెట్టే కడ్డీ ప్లంజర్. దానికీ, అది కదిలే గొట్టం బ్యారెల్‌కూ మధ్య సందు కొన్ని మైక్రాన్లే. పొలం గట్టు మీద విప్పి బిగించే వస్తువు కాదది. పంపు దాకా డీజిల్ శుభ్రంగా, గాలి లేకుండా చేరుతోందా అన్నది ముందు తేల్చుకోవాలి. ఆ దారి మొత్తాన్నీ మీరే చూసుకోవచ్చు. ముఖ్యంగా లంక గ్రామాల్లో, మెకానిక్ పంటు ఎక్కి ఏరు దాటి రావలసిన చోట, ఈ ఒక్క పని వస్తే దమ్ము రోజులు పోకుండా ఉంటాయి.

పానా పట్టుకోకముందే రెండు సంగతులు చూడండి. మొదటిది, ఇంజిన్ ఆపే స్టాప్ రాడ్డు పూర్తిగా వెనక్కి వెళ్లిందా? సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పు గాలికి ఆ రాడ్డును లాగే తీగ తుప్పు పట్టి మధ్యలో పట్టేస్తుంది. అప్పుడు ఎంతసేపు సెల్ఫ్ కొట్టినా ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్‌కి చుక్క రాదు. రెండోది ట్యాంకు మూత. గాలి లోపలికి పోవడానికి దానికి సన్నటి రంధ్రం ఉంటుంది. బండి ఊరికే నిలబడి ఉన్న రోజుల్లో కందిరీగ వచ్చి అందులో మట్టి గూడు కట్టేస్తుంది. గాలి పోకపోతే డీజిల్ దిగదు. మూత వదులు చేసి ఇంజిన్ నడిపి చూడండి, ఆగకుండా నడిస్తే రోగం అక్కడే. సన్నటి తీగతో ఆ రంధ్రం శుభ్రం చేస్తే పని అయిపోయినట్టే.

ఇక నీళ్ల సంగతి. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు, మళ్లీ నీరు వదిలేదాకా చాలా బండ్లకు పెద్దగా పని ఉండదు. సగం ఖాళీ ట్యాంకుతో రేకుల షెడ్డులో పడి ఉంటాయి. ఆ ఖాళీలో ఉన్నది మన డెల్టా గాలి, నిండా తేమ. పగలు వేడెక్కి రాత్రి చల్లబడినప్పుడల్లా ట్యాంకు లోపలి గోడలకు చెమ్మ పట్టి కిందికి జారుతుంది. నీరు డీజిల్ కన్నా బరువు కాబట్టి అడుగుకు చేరుతుంది. నీరూ డీజిలూ కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు తయారవుతుంది, అదే ఫిల్టర్‌ని మూసేస్తుంది. నీరు ఇంకా ముందుకు పోతే పంపులో, నాజిల్‌లో తుప్పు. వాటికి డీజిలే ఆయిల్ లాంటిది, వేరే ఆయిల్ అందదు. నీటికి ఆ జారుడు లేదు.

ఫిల్టర్ గిన్నె అడుగున ఉన్న స్క్రూ వదులు చేసి, గాజు సీసాలోకి కొంచెం పట్టండి. పది నిమిషాలు కదపకుండా ఉంచితే నీరు అడుగున వేరుగా, గీత గీసినట్టు కనిపిస్తుంది. శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా వదలండి. నల్ల జిగురు కనిపిస్తే ట్యాంకు దించి కడగాల్సిందే, ఫిల్టర్ కూడా కొత్తది వేయాలి. తీసిన మురికిని బోదెలో పారబోయవద్దు. ఆ నీరు చేపల చెరువుకో, పక్కవాళ్ల వరికో పోతుంది. డబ్బాలో పోసి పక్కన పెట్టండి.

ఫిల్టర్ విప్పామంటే పైపుల్లోకి గాలి వచ్చినట్టే. దాన్ని తీయడమే ఈ పాఠంలో అసలు పని. డీజిల్‌ని నొక్కితే కుంచించుకోదు, గాలి కుంచించుకుంటుంది. అందుకే పైపులో బుడగ ఉంటే పంపు కొట్టిన దెబ్బంతా ఆ బుడగే మింగేస్తుంది, నాజిల్ తెరుచుకోదు.

ట్యాంకులో సగానికి పైగా డీజిల్ పోయండి. ఫిల్టర్ పైన ఉన్న ఎయిర్ స్క్రూని కొద్దిగా వదులు చేయండి. ట్యాంకు ఎత్తులో ఉన్న బండికి డీజిల్ తనంతట తనే దిగుతుంది. లేకపోతే డీజిల్‌ని చేత్తో తోడే చిన్న పంపు, అంటే ప్రైమర్, నొక్కుతూ ఉండాలి. మొదట నురగ, తర్వాత బుడగలు, ఆఖరికి తెగని ధార. ధార వస్తుండగానే స్క్రూ బిగించాలి, ఆగాక బిగిస్తే గాలి మళ్లీ లోపలే ఉండిపోతుంది. తర్వాత పంపు మీది స్క్రూ దగ్గరా ఇదే పని. ఈ వరుస తప్పకూడదు.

చివరికి నాజిల్. ఎక్సలేటర్ పూర్తిగా ఇచ్చి, నాజిల్ దగ్గరి పైపు నట్టు ఒక చుట్టు వదులు చేసి సెల్ఫ్ కొట్టించండి. ఒకసారికి పది సెకన్లు చాలు, మధ్యలో సెల్ఫ్ చల్లారనివ్వండి. బుడగలు పోయాక బిగించండి. ఇక్కడ మాత్రం చాలా జాగ్రత్త. ఆ పైపులో ఒత్తిడి చర్మాన్ని చీల్చుకుని డీజిల్‌ని లోపలికి పంపేంత ఉంటుంది. కారుతోందేమోనని వేలు పెట్టి చూడకండి, అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. పొరపాటున గుచ్చుకుంటే, నొప్పి లేకపోయినా అప్పుడే ఆసుపత్రికి వెళ్లాలి.

గాలి తీసిన మర్నాడే మళ్లీ పట్టిందంటే ఎక్కడో సందు ఉంది. ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు ఉన్న బండిలో, ట్యాంకుకీ ఆ పంపుకీ మధ్య పగిలిన రబ్బరు పైపు ఒక్కోసారి చుక్క కూడా కారదు, గాలిని మాత్రం లాగుతుంది. అందుకే తడి కనబడకపోయినా ఆ పైపు, క్లిప్పులు మార్చేయండి. రాగి వాషర్లు పాతబడి గట్టిపడితే వాటిని డీజిల్‌కి దూరంగా, మంట మీద ఎర్రబడేదాకా కాల్చి నీళ్లలో వేయండి. ఇనుమైతే గట్టిపడేది, రాగి మాత్రం మెత్తబడి మళ్లీ బాగా కూర్చుంటుంది. అల్యూమినియం వాషర్లతో ఈ పని చేయకండి, కరిగిపోతాయి. కొత్తవి వేసుకోండి.

వచ్చే పాఠం గేర్ బాక్స్ ఆయిల్, ఆయిల్ సీళ్ల గురించి. అప్పటికి మీ బండి రాత్రంతా కదలకుండా ఉన్నాక, పొద్దున్నే గేర్ బాక్స్ అడుగు బోల్టు కొద్దిగా వదిలి, నాలుగు చెంచాల ఆయిల్ సీసాలో పట్టి ఉంచండి. దాని రంగు చూసి మొదలుపెడదాం.