తైవాన్ వార్తలను జాగ్రత్తగా చదవడం ఎలా?

తైవాన్ గురించి ఏ వార్త చదివినా ముందుగా చేయవలసిన పని, "తైవాన్ ఎవరిది?" అనే ప్రశ్నను మూడుగా విడదీయడం. ఆ ద్వీపాన్ని ఇప్పుడు ఎవరు పాలిస్తున్నారు? చట్టరీత్యా అది ఎవరికి చెందుతుంది? అక్కడి ప్రజలు ఏం కోరుకుంటున్నారు? మొదటి ప్రశ్నపై నిజానికి వివాదం లేదు. 1949 అక్టోబరు 1న ఏర్పడిన చైనా ప్రజా రిపబ్లిక్, అంటే నేటి కమ్యూనిస్టు చైనా, తైవాన్‌ను ఒక్క రోజు కూడా పాలించలేదు. అక్కడ వేరే సైన్యం, వేరే కరెన్సీ, వేరే పాస్‌పోర్టు, వేరే న్యాయస్థానాలు, ప్రజలు నేరుగా ఎన్నుకునే అధ్యక్షుడు ఉన్నారు. గొడవంతా రెండో ప్రశ్న మీదే. మూడో ప్రశ్న చాలా వార్తల్లో కనిపించనే కనిపించదు. సుమారు 2.3 కోట్ల మంది జీవితాలకు సంబంధించిన విషయంలో వారి ఊసే లేకుండా కథనం ముగిసిపోతే, అది అసంపూర్ణమైన కథనమని గుర్తించండి.

తరువాత కొన్ని తేదీలను దగ్గర పెట్టుకోండి. 1683లో అప్పుడు చైనాను పాలిస్తున్న చింగ్ సామ్రాజ్యం తైవాన్‌ను జయించింది. రెండు శతాబ్దాల తరువాత, 1885లో, దానికి ప్రత్యేక రాష్ట్ర హోదా ఇచ్చింది. జపాన్‌తో యుద్ధంలో ఓడి 1895లో షిమొనొసెకి ఒప్పందం ద్వారా దాన్ని వదులుకుంది. 1945లో జపాన్ లొంగిపోయాక, అప్పుడు చైనాను పాలిస్తున్న రిపబ్లిక్ ఆఫ్ చైనా ప్రభుత్వం తైవాన్ పాలనను చేతిలోకి తీసుకుంది. అంతర్యుద్ధంలో కమ్యూనిస్టుల చేతిలో ఓడిన చియాంగ్ కై-షేక్ నాయకత్వంలోని ఆ ప్రభుత్వం 1949 డిసెంబరులో తైవాన్‌లోని తైపీకి తరలివెళ్లింది. 1951లో సంతకాలు జరిగిన శాన్‌ఫ్రాన్సిస్కో శాంతి ఒప్పందంలో తైవాన్‌పై హక్కులన్నీ వదులుకుంటున్నట్టు జపాన్ ప్రకటించింది గాని, ఆ హక్కులు ఎవరికి దక్కుతాయో అందులో రాయలేదు. ఆ సమావేశానికి బీజింగ్‌నూ పిలవలేదు, తైపీనీ పిలవలేదు. నేటి చట్టపరమైన వాదనలలో చాలా వాటికి మూలం ఆ ఖాళీయే. ఈ తేదీలు తెలిస్తే, "అనాదిగా చైనాలో భాగమే" అన్న వాక్యం ఎదురైనప్పుడు జపాన్ పాలించిన యాభై ఏళ్లు గుర్తుకొస్తాయి. "చైనాతో ఏనాడూ సంబంధమే లేదు" అన్న వాక్యం ఎదురైనప్పుడు చింగ్ పాలన గుర్తుకొస్తుంది.

"ఐక్యరాజ్యసమితి ఎప్పుడో తేల్చేసింది" అని ఎవరైనా అంటే 2758వ తీర్మానాన్ని తెరిచి చూడండి. 1971 అక్టోబరు 25న సాధారణ సభ ఆమోదించిన ఈ తీర్మానం చాలా చిన్నది, రెండు నిమిషాల్లో చదివేయవచ్చు. ఐక్యరాజ్యసమితిలో చైనాకు న్యాయబద్ధమైన ఏకైక ప్రతినిధులు చైనా ప్రజా రిపబ్లిక్ ప్రభుత్వ ప్రతినిధులేనని, "చియాంగ్ కై-షేక్ ప్రతినిధులను" వెంటనే తొలగించాలని అది చెబుతుంది. తైవాన్ అనే పేరు అందులో ఎక్కడా లేదు. ద్వీపం హోదా కూడా దీనితోనే తేలిపోయిందని బీజింగ్ అంటుంది. చైనాకు కేటాయించిన సీటులో ఎవరు కూర్చోవాలన్నది మాత్రమే తేలిందని తైపీ, అమెరికా అంటాయి. తీర్మానం పాఠాన్ని స్వయంగా చదివితే రెండో వాదనే దానికి దగ్గరగా ఉందని నాకు అనిపిస్తుంది. అయితే ఆ రోజు నుంచి తైపీకి ఐక్యరాజ్యసమితిలో తలుపులు మూసుకుపోయాయన్నది కూడా కాదనలేని వాస్తవం.

ఇతర దేశాల వైఖరి చదివేటప్పుడు క్రియాపదం మీద దృష్టి పెట్టండి, ఎందుకంటే దౌత్యపత్రాల్లో బేరమంతా అక్కడే జరుగుతుంది. తైవాన్ జలసంధికి రెండు వైపులా ఉన్న చైనీయులందరూ చైనా ఒక్కటేనని, తైవాన్ అందులో భాగమని అంటున్నారన్న సంగతి తమకు తెలుసని 1972 షాంఘై ప్రకటనలో అమెరికా చెప్పింది. ఆ వాదనను తాను అంగీకరిస్తున్నట్టు చెప్పలేదు. 1979లో బీజింగ్‌ను గుర్తించి తైపీతో అధికారిక సంబంధాలు తెంచుకున్న అమెరికా, అదే ఏడాది తైవాన్‌కు రక్షణ ఆయుధాలు సమకూర్చేందుకు వీలు కల్పించే చట్టాన్ని చేసింది. కాబట్టి బీజింగ్ చెప్పే "ఒకే చైనా సూత్రం", వాషింగ్టన్ పాటించే "ఒకే చైనా విధానం" ఒకటి కావు. రెండింటినీ కలిపేసిన వార్తను మరోచోట సరిచూసుకోవడం మంచిది.

సైనిక వార్తల్లో పాఠకులు ఎక్కువగా పొరబడేది "తైవాన్ గగనతలంలోకి చైనా విమానాలు" అనే శీర్షిక దగ్గర. గగనతలం అంటే తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు ఉండే ప్రాదేశిక జలాల మీది ఆకాశం కూడా కలిసినది. సాధారణంగా ఆ విమానాలు ప్రవేశించేది వాయు రక్షణ గుర్తింపు మండలంలోకి. అది ముందస్తు హెచ్చరిక కోసం గీసుకున్న, చాలా విశాలమైన ప్రాంతం. కాగితం మీద దాని కొంత భాగం చైనా ప్రధాన భూభాగం మీద కూడా ఉంటుంది. తైవాన్ రక్షణ మంత్రిత్వశాఖ రోజూ విడుదల చేసే నివేదికలో ఉదయం 6 గంటలతో ముగిసే 24 గంటల లెక్క ఉంటుంది: ఎన్ని విమానాలు కనిపించాయి, ఎన్ని నౌకలు ఉన్నాయి, ఎన్ని విమానాలు జలసంధి మధ్యరేఖను దాటాయి లేదా మండలంలోకి వచ్చాయి. ఈ అంకెల్లో అన్నిటికంటే ముఖ్యమైనది మధ్యరేఖకు సంబంధించినది. ఆ రేఖకు చట్టబలం లేకపోయినా దశాబ్దాల పాటు ఇరుపక్షాలూ చాలావరకు దాన్ని గౌరవించాయి. 2022 ఆగస్టులో అప్పటి అమెరికా ప్రతినిధుల సభ స్పీకర్ నాన్సీ పెలోసి తైవాన్ పర్యటన తరువాత దాన్ని దాటడం పరిపాటి అయింది. ఒక్క రోజు అంకె చూసి కంగారు పడకుండా, నెలల తరబడి వచ్చిన మార్పును చూడండి. పటాన్ని కూడా ఒకసారి చూడండి: తైపీ పాలనలో ఉన్న కిన్‌మెన్ ద్వీపం చైనాలోని షియామెన్ తీరానికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉంది. అక్కడ జరిగిన ఘటనను "తైవాన్ తీరం వద్ద" అని రాస్తే చదివేవారికి వేరే చిత్రం కళ్లకు కడుతుంది.

బలప్రయోగం గురించి వచ్చే హెచ్చరికలను 2005 మార్చి 14న చైనా చేసిన వేర్పాటు నిరోధక చట్టంతో పోల్చి చూడండి. తైవాన్ విడిపోయినా, విడిపోవడానికి దారితీసే పెద్ద ఘటన జరిగినా, శాంతియుత ఏకీకరణకు అవకాశాలు పూర్తిగా అడుగంటినా శాంతియుతం కాని మార్గాలను అనుసరించవచ్చని దాని 8వ అధికరణ చెబుతుంది. మూడో షరతు ఎప్పుడు నెరవేరిందో నిర్ణయించేది బీజింగే కాబట్టి, నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించేది అదే.

తైవాన్ పార్టీలను "చైనా అనుకూలం", "స్వాతంత్ర్య అనుకూలం" అని రెండు ముక్కల్లో తేల్చే వార్తలనూ అనుమానించండి. ఒకప్పటి చియాంగ్ కై-షేక్ పార్టీ అయిన కొమింటాంగ్ బీజింగ్‌తో సంభాషణ కోరుతుంది, కానీ తైవాన్‌కు నేటికీ అధికారిక పేరైన రిపబ్లిక్ ఆఫ్ చైనా అస్తిత్వాన్ని వదులుకోదు. 2024 మేలో అధ్యక్షుడైన లై చింగ్-తె నాయకత్వంలోని డెమొక్రటిక్ ప్రోగ్రెసివ్ పార్టీ, తాము ఇప్పటికే సార్వభౌమ దేశమని, అందువల్ల వేరుగా స్వాతంత్ర్యం ప్రకటించవలసిన అవసరం లేదని అంటుంది.

చివరగా, సర్వే ఫలితాలు కనిపిస్తే అడిగిన ప్రశ్నను వెతికి చదవండి. తైపీలోని నేషనల్ చెంగ్‌చీ విశ్వవిద్యాలయపు ఎన్నికల అధ్యయన కేంద్రం 1990ల నుంచి ప్రజలను ఆరు జవాబుల్లో ఒకటి ఎంచుకోమంటోంది: వెంటనే ఏకీకరణ, వెంటనే స్వాతంత్ర్యం, యథాతథ స్థితితో క్రమంగా ఏకీకరణ వైపు, యథాతథ స్థితితో క్రమంగా స్వాతంత్ర్యం వైపు, ప్రస్తుతానికి యథాతథ స్థితి ఉంచి తరువాత నిర్ణయం, ఎప్పటికీ యథాతథ స్థితి. వెంటనే ఏకీకరణ కోరేవారు, వెంటనే స్వాతంత్ర్యం కోరేవారు ఇద్దరూ స్వల్పసంఖ్యలోనే ఉంటారు. ఏదో ఒక రూపంలో యథాతథ స్థితిని ఎంచుకునేవారిదే పెద్ద ఆధిక్యం. "అవును", "కాదు" అనే రెండు జవాబులు మాత్రమే ఇచ్చిన సర్వేలో ఈ అధిక సంఖ్యాకులు ఎటు లెక్కకు వచ్చారో తెలుసుకోకుండా ఆ శాతాన్ని ఎవరికీ చెప్పకండి.