అడవిని చూడటం నేర్చుకుందాం – 3వ పాఠం: తాడోబాలో బండి ఎక్కడ ఆపించాలి?

మొదటి పాఠంలో అడుగుజాడలు, రెండో పాఠంలో హెచ్చరిక కూతలు చూశాం. చుక్కల దుప్పి కూతకీ కొండముచ్చు కూతకీ తేడా ఇంకా చెవికెక్కకపోతే రెండో పాఠం మరోసారి చూసుకుని రండి. ఇవాళ దాంతో చాలా పని ఉంది.

ఇవాళ్టి పాఠం బండి ఎక్కడ ఆపించాలన్నది. ఇందుకు తాడోబాను తీసుకుందాం. మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలోని టేకు, వెదురు అడవి అది. కాజీపేట, బల్లార్షా మీదుగా పోయే రైలెక్కితే మనకు దగ్గరే. 1955లో జాతీయ పార్కు అయింది. 1995లో పక్కనున్న అంధారి అభయారణ్యంతో కలిపి టైగర్ రిజర్వ్ చేశారు. కోర్, అంటే లోపలి ముఖ్య భాగం ఒక్కటే 625 చదరపు కిలోమీటర్లు. అందులో ఒక సఫారీలో మీరు చూడగలిగేది కొన్ని దారులు మాత్రమే. అందుకే టికెట్ తీసుకునేటప్పుడే గేటు గురించి ఆలోచించాలి. చంద్రపూర్ వైపు నుంచి మోహర్లీ గేటు, నాగపూర్ వైపు నుంచి కోలారా గేటు. తేలియా చెరువు మోహర్లీకి దగ్గర. పంఢర్‌పౌని నీటి మడుగులకు ఉత్తరం గేట్ల నుంచి వెళ్లడం తేలిక.

గేటు తర్వాత చూడాల్సింది నెల. “నిన్న పులి ఎక్కడ కనిపించింది?” అని గైడును అడగడం అందరికీ అలవాటు. నన్నడిగితే దానికన్నా “ఇప్పుడు నీళ్లు ఎక్కడ మిగిలాయి?” అన్నది మంచి ప్రశ్న. పులి నిన్నటి చోట ఇవాళ ఉండాలని లేదు. నీళ్లు మాత్రం ఎక్కడికీ పోవు.

అక్టోబరు, నవంబరుల్లో ప్రతి గుంటలోనూ వాననీరు ఉంటుంది. ఏ జంతువూ పనిగట్టుకుని పెద్ద చెరువుకు రానక్కర్లేదు కాబట్టి ఆ నెలల్లో నీటి దగ్గర కాపు కాయడం దండగ. జామ్ని వైపు వెళ్లండి. అక్కడి ఊరిని బయటికి తరలించాక పాత పొలాలన్నీ గడ్డి మైదానాలయ్యాయి. దుప్పులు, అడవిదున్నలు మేతకు వస్తాయి. చలికాలం పొద్దున్నే అయితే దారుల మీద కన్నేయండి. మంచుకు తడిసిన గడ్డిలో నడిచే బదులు పులి చాలాసార్లు మట్టిదారి పట్టుకుని పోతుంది. ఇప్పపూలు రాలే రోజుల్లో ఆ చెట్ల కింద తెల్లవారుజామున ఎలుగుబంటి కోసం చూడొచ్చు.

ఏప్రిల్, మే నెలలు వేరు. ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, వెదురు ఆకు రాలి పొదల్లోపలికి చూపు ఆనుతుంది, నీళ్లు కొద్దిచోట్లే మిగులుతాయి. అటవీశాఖ సోలార్ పంపులతో నింపే చిన్న మడుగులూ ఉంటాయి. మరాఠీలో వీటిని ‘పాణవఠా’ అంటారు. గైడుతో ఆ మాటే అనండి, మీరు తిరగడానికి కాదు, కూర్చోవడానికి వచ్చారని అతనికి అర్థమవుతుంది.

ఇక అసలు పని. మడుగు చేరగానే దాని చుట్టూ చూసి మూడు విషయాలు గుర్తు పెట్టుకోండి. నీడ ఏ ఒడ్డున పడుతోంది? దట్టమైన పొద ఏ వైపు నుంచి నీటికి దగ్గరగా వచ్చింది? ఎండిన వాగు ఎటు నుంచి కలుస్తోంది? ఈ మూడూ ఒకే వైపున ఉంటే పులి అటు నుంచే దిగే అవకాశం ఎక్కువ. మీ జిప్సీని, అంటే సఫారీ బండిని ఆ ఒడ్డుకు ఎదురుగా, దూరంగా ఆపించండి. పొదకూ నీటికీ మధ్య దారిలో మాత్రం ఆపనివ్వకండి. ఫొటో దగ్గరగా వస్తుందని చాలామంది చేసే పని అదే. దాహంతో వచ్చిన జంతువు పొదలోనే ఆగిపోతుంది, మీకు ఏమీ కనిపించదు, దానికి నీళ్లూ దక్కవు. ఇంజన్ బంద్ చేయించండి. పులి తరచూ వెనక్కి తిరిగి, ముందు తోకా నడుమూ నీళ్లలో పెట్టి కూర్చుంటుంది. కూర్చుందంటే తొందరగా లేవదు.

పులి రాకముందు మిగతా జంతువులు చెప్పేదే ఎక్కువ. కొండముచ్చులు చెట్టు దిగి నింపాదిగా తాగుతున్నాయంటే వాటి కంటికి ప్రమాదమేదీ ఆనలేదన్నమాట. దుప్పులు తలలెత్తి, అన్నీ ఒకే దిక్కు చూస్తూ, ముందు కాలు నేలకు కొడుతుంటే మీరూ అటే చూడండి. తాడోబా చెరువులో సాంబార్ జింక లోతు నీళ్లలోకి వెళ్లి కదలకుండా నిలబడి ఉంటే ఒడ్డంతా ఒకసారి వెతకండి. రేచుకుక్కలు, అంటే అడవి కుక్కలు తరిమితే సాంబార్ జింకలు నీళ్లలోకే దిగుతాయి. అదే చెరువులో మొసళ్లున్నాయి, అయినా దిగుతాయి.

ఎంతసేపు కూర్చోవాలి? ఎండాకాలం మధ్యాహ్నం సఫారీలో కనీసం ముప్పావుగంట. ఈలోగా మరో జిప్సీ వచ్చి “అక్కడ సైటింగ్” (పులి కనిపించింది) అంటుంది, మీ డ్రైవరు తాళం తిప్పబోతాడు. మీరు చేరేసరికి అక్కడ పదిహేను బళ్లుంటాయి, పులి వీపు కూడా కనిపించదు. ఉందామనే నా సలహా. వెళ్లాలనిపిస్తే వెళ్లండి, అది మీ డబ్బు. కానీ గేటు మూసే సమయం డ్రైవరుకు గుర్తుచేసి వెళ్లండి.

ఇది మహారాష్ట్రతో ఆగే విద్య కాదు. తాడోబా వైపు నుంచి పులులు ప్రాణహిత దాటి మన ఆసిఫాబాద్, కాగజ్‌నగర్ అడవుల్లోకి వస్తుంటాయి. కవ్వాల్‌లో వేసవికి నింపే సాసర్ పిట్ల (సాసర్‌లాంటి నీటి గుంటల) దగ్గరా లెక్క ఇదే.

అభ్యాసం: ఈ వారం మీ ఊరి చెరువు గట్టు మీద సాయంత్రం గంటసేపు కూర్చోండి. కాగితం మీద చెరువు గీసి నీడ, పొద, కాలువ గుర్తులు పెట్టండి. గేదెలు, కుక్కలు, కొంగలు, ముంగిస – ఏది ఎటు నుంచి వచ్చింది, ఎక్కడ ఆగింది, ఎటు పోయిందో బాణాలు గీయండి. మర్నాడు అదే వేళకు వెళ్లి, ముందే ఊహించి గీసి, తర్వాత సరిచూసుకోండి. ఈ కాగితాలు పారేయకండి, నాలుగో పాఠంలో గాలి వాలు గురించి చెప్పుకునేటప్పుడు వాటి మీదే గీతలు గీస్తాం.