పిట్టల్ని గుర్తుపట్టడం, 6వ పాఠం: స్కార్లెట్ మినివెట్

మినివెట్లంటే చెట్ల పైకొమ్మల్లో తిరిగే పొడుగు తోక పిట్టలు. పోయిన పాఠంలో వాటిలో చిన్న మినివెట్ (స్మాల్ మినివెట్ అనే జాతి, పిల్ల కాదు) గురించి చెప్పి చూసినవాళ్ళు ఫోటోలు పంపండి అన్నాను, వచ్చినవి చూశాక ఈసారి చెబుదామనుకున్న ఫ్లైక్యాచర్లు పక్కన పెట్టేశా. కాస్త ఎరుపు కనపడితే చాలు స్కార్లెట్ అని రాసేశారు చాలామంది. వికారాబాద్ అనంతగిరిలో తీసిన ఫోటోకి కూడా! అది చిన్న మినివెట్టేనండీ, వీపు బూడిద రంగు, రొమ్ము మీద నారింజ, కిందకొచ్చేసరికి పల్చబడిపోయింది, సైజు 16 సెంటీమీటర్ల దగ్గరే. స్కార్లెట్ మగది తల, గొంతు, వీపు నల్లగా నిగనిగలాడుతూ రొమ్ము నుంచి కిందంతా ముదురు ఎరుపు, 20 సెంటీమీటర్లు ఉంటుంది. అది కావాలంటే అరకు దారిలో ఉన్న అనంతగిరికి వెళ్ళండి, కాఫీ తోటల పైన ఎత్తు చెట్లు చూడండి, లేదా మారేడుమిల్లి. ఊరి పేరు ఒకటే గానీ అడవి వేరు.

కూర్గ్ నుంచి పంపినవాళ్ళది ఇంకో లెక్క. పడమటి కనుమల్లో ఉండేదాన్ని ఇప్పుడు ఆరెంజ్ మినివెట్ అని వేరే జాతిగా లెక్కేస్తున్నారు, పాత పుస్తకాల్లో రెండూ కలిపే ఉంటాయి కాబట్టి మీ తప్పేం లేదు.

సరే, అసలు నాకు చిరాకు తెప్పించిన విషయానికొస్తా. "సార్ ఎర్రవి నాలుగు, పక్కనే పసుపు పిట్టలు ఏడు, అవి ఐయోరాలా?" అని ఒకటే ప్రశ్న (ఐయోరా అంటే వేరే జాతి పసుపు పిట్ట). కాదు కాదు కాదు. స్కార్లెట్ మినివెట్లలో మగది ఎరుపు, ఆడది పసుపు. కుర్ర మగవి కూడా మొదట్లో పసుపే, తర్వాత అక్కడక్కడ నారింజ మచ్చలేసుకుని అటూ ఇటూ కాకుండా కనపడతాయి, అందుకే గుంపులో పసుపు ఎక్కువ అనిపిస్తుంది. ఐయోరాకి తోక పొట్టి, రెక్క మీద తెల్ల గీతలు. స్కార్లెట్ ఆడదానికి తోక పొడుగు, నుదురూ గొంతూ పసుపు, తల పైన, వీపు బూడిద, రెక్క మీద పట్టీ కూడా పసుపే, తెలుపు కాదు.

ఇప్పుడు ఆ రెక్క పట్టీనే పట్టుకోండి, మిగతాది మర్చిపోయినా పర్లేదు. నల్లరెక్క మీద పెద్ద ఎర్రమచ్చ ఒకటి ఉంటుంది, దానికి తగలకుండా ఒంటికి దగ్గరగా ఇంకో చిన్న చుక్క విడిగా ఉంటుంది. ఆ విడి చుక్క ఉంటే స్కార్లెట్. హిమాలయాల్లో గూడు పెట్టి చలికాలం కిందకి దిగే లాంగ్ టెయిల్డ్ మినివెట్‌కి ఆ చుక్క ఉండదు, మచ్చ తలకిందులు యూ అక్షరంలా ఉంటుంది. ఆడదానికీ ఇదే డిజైన్, ఎరుపు బదులు పసుపు అంతే. రంగు వెలుగుని బట్టి మోసం చేస్తుంది, ఎండకి ఎదురుగా పైకి చూస్తే ఎర్ర మగది కూడా నల్లగానే కనపడుతుంది, చుక్క మాత్రం పక్కకి తిరిగిన క్షణంలో దొరికిపోతుంది. కొందరు పొట్ట ఫోటో పంపి పేరు అడుగుతున్నారు, పొట్టతో నేనేం చెప్పను?

వెతకడానికి నా పద్ధతి, నేను ముందే కెమెరా బయటికి తీయను. చెట్ల పైకొమ్మల్లో సన్నగా పదునైన ఈలలు వినపడితే ఆగిపోతా. డ్రోంగోలు, అంటే మన పసులపోలిగాడి చుట్టాలు, ఎక్కడ హడావుడి చేస్తే అక్కడే చూస్తా, ఆకుల్లోంచి పురుగుల్ని లేపుకుంటూ అన్ని రకాల పిట్టలూ కలిసి పోతుంటాయి, మినివెట్లు కూడా ఆ గుంపుతోనే ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి ఒకదాని వెనక ఒకటి ఎగురుతూ పోతాయి. మొదటిది పోయిన దారిలోనే మిగతావీ పోతాయి కాబట్టి బైనాక్యులర్స్ ఆ దారి మీద పెట్టి కదలకుండా ఉండండి, వెంటపడి పరిగెత్తేవాళ్ళకి ఒక్కటీ సరిగా కనపడదు.

అభ్యాసం మర్చిపోయా. పిట్టల పేర్లు చెప్పే యాప్ ఆపేసి ఒక గుంపుని గంట చూడండి, తర్వాత ఇంటికొచ్చి ఐదు పిట్టల రెక్కలు గుర్తున్నంతవరకు కాగితం మీద గీయండి, మచ్చ ఎక్కడ, చుక్క ఎక్కడ, ఆడదా మగదా రాయండి. ఫోటోలొద్దు, బొమ్మలే పంపండి, వంకరగా ఉన్నా సరే.